మంట ఆరిన ఇంట్లో దర్యాప్తు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

కాలిన భవనంలో ప్రమాద కారణాన్ని ఎలా వెతుకుతారో వివరిస్తూ కిందటి సంచికలో నేను రాసిన వ్యాసానికి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం ఒకే సంగతిని అడిగాయి: ఆ పని చేసేవాళ్లు తమను తాము ఎలా కాపాడుకోవాలి? చాలా ఏళ్లు ఈ పనిలోనే గడిపినవాడిగా, ఈ ప్రశ్న ఇంతమందికి తోచినందుకు నిజంగా సంతోషిస్తున్నాను. మంటలార్పే సిబ్బంది ప్రమాదాన్ని కళ్లెదుట చూస్తూ లోపలికి వెళతారు కాబట్టి వాళ్ల జాగ్రత్త వాళ్లకు ఉంటుంది. దర్యాప్తుకు వెళ్లేవాళ్లకు మాత్రం గండం గడిచిపోయినట్టే కనిపిస్తుంది కనుక ఏమరుపాటు అక్కడే మొదలవుతుంది. అందిన ఉత్తరాల్లోంచి కొన్నింటిని ఎంచి ఇక్కడ సమాధానమిస్తున్నాను.

ప్రశ్న: నేను అగ్నిమాపక విభాగంలో దర్యాప్తు పనికి కొత్తగా వచ్చాను. మంట ఆరి రెండు రోజులైన ఇంట్లో పొగ ఉండదు, ఘాటు వాసన కూడా పెద్దగా ఉండదు. మా సీనియర్లు మాస్కు లేకుండానే శిథిలాల తవ్వకం చేస్తారు. నేను పెట్టుకుంటే వింతగా చూస్తున్నారు. అది నిజంగా అవసరమా?

జవాబు: అవసరమే. పొగ కనిపించకపోవడాన్ని గాలి శుభ్రంగా ఉందనడానికి రుజువుగా తీసుకోవడమే మన వృత్తిలో అన్నిటికంటే పాత పొరపాటు. కార్బన్ మోనాక్సైడ్‌ అనే విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. హైడ్రోజన్ సయనైడ్‌ అనే మరో విషవాయువుకు చేదు బాదం వాసన ఉంటుందని పుస్తకాలు చెబుతాయి గాని, పుట్టుకతోనే ఆ వాసనను పసిగట్టలేని మనుషులు చాలామంది ఉన్నారు. కాబట్టి మీ ముక్కును సాక్షిగా పిలవకండి. లోపలికి వెళ్లే ముందు, వెళ్లాక, బయటికి వచ్చేదాకా గ్యాస్ మీటరు మీ ఛాతీ దగ్గర ఆన్‌లో ఉండాలి.

ఒక పడకగదిలో జరిగింది చెబుతాను. అప్పటికి మంట ఆరి ఒక రోజు దాటింది, కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి, భుజానికి తగిలించుకున్న మీటరులో కార్బన్ మోనాక్సైడ్ అంకె ఉదయమంతా 2, 3 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు 2, 3 భాగాలు) దగ్గరే కదలకుండా ఉంది. మా సహాయకుడు కాలిన ఫోమ్ పరుపు కుప్ప కింద పార దూర్చి పైకెత్తాడు. పైన చల్లగా, తడిగా ఉన్న ఆ కుప్ప అడుగున గుప్పెడంత నుసి ఇంకా ఎర్రగా రాజుకుంటూనే ఉంది. మీటరులో అంకె మా కళ్ల ముందే 90 దాటింది, అది మోగడం మొదలుపెట్టేసరికి ఇద్దరం గుమ్మం బయట ఉన్నాం. కార్బన్ మోనాక్సైడ్ విషయంలో అమెరికా వృత్తి ఆరోగ్య పరిశోధనా సంస్థ నియోష్ సూచించే హద్దు ఒక పనిదినపు సగటున 35 పీపీఎం, ఎప్పుడూ దాటకూడని గరిష్ఠ హద్దు 200, వెంటనే ప్రాణాపాయంగా లెక్కించేది 1200. గదిలో గాలి బాగుందా లేదా అన్నది ఒక్కసారి చూసి తేల్చుకునే విషయం కాదని, పార పడిన ప్రతిసారీ అది మారుతుందని ఆ రోజు నాకు బాగా అర్థమైంది.

మీటరులో ప్రాణవాయువు అంకెను కూడా చదవడం నేర్చుకోండి. బయటి గాలిలో అది 20.9 శాతం. 19.5 కంటే తగ్గితే అలారం మోగుతుంది కాబట్టి చాలామంది అది మోగేదాకా ఆ అంకెవైపు చూడరు. కానీ గాలిలో ప్రాణవాయువు అయిదో వంతే కదా. అది 20.9 నుంచి 20.8కి దిగిందంటే, ఆ 0.1 శాతాన్ని పక్కకు నెట్టడానికి మరేదో వాయువు దాదాపు అర శాతం, అంటే 5000 పీపీఎం దాకా, గాలిలో చేరి ఉండవచ్చు. మీటరులోని మిగతా సెన్సర్లు గుర్తించలేని వాయువు కూడా అది కావచ్చు. అంత చిన్న తేడా సెన్సర్ తడబాటు వల్ల కూడా రావచ్చు గనుక బయటికి వచ్చి శుభ్రమైన గాలిలో మళ్లీ సరిచూసుకోవాలి. సరిచూడకుండా పని కొనసాగించడం మాత్రం తగదు.

ఇక మాస్కు సంగతి. గుడ్డ మాస్కులు, దుమ్ము మాస్కులు వాయువులను ఆపవు. చాలామంది ఎంతో నమ్మే పీ100 ఫిల్టరు కూడా ఒంటరిగా ఉన్నప్పుడు సన్నని కణాలను మాత్రమే ఆపుతుంది. ఫార్మాల్డిహైడ్, ఆమ్ల వాయువులు, సేంద్రియ ద్రావకాల ఆవిరి వంటివాటిని ఆపాలంటే వాటికోసం తయారైన క్యాట్రిడ్జ్ (వాయువులను పీల్చి పట్టే డబ్బీ) దానికి తోడుగా ఉండాలి. కళ్లను కూడా కప్పే పూర్తి ముఖపు రెస్పిరేటర్ అయితే మరీ మంచిది. మామూలు క్యాట్రిడ్జ్‌లు కార్బన్ మోనాక్సైడ్‌ను పట్టుకోలేవు, ప్రాణవాయువు కొరతను ఏ ఫిల్టరూ తీర్చలేదు. అందువల్ల మీటరు హెచ్చరించినప్పుడు మాస్కు ఉంది కదా అని లోపల నిలబడకూడదు. సొంత గాలి సిలిండరు ఉన్నవాళ్లు తప్ప అందరూ బయటికి రావాలి. గడ్డం పెంచుకున్నవారికి మాస్కు అంచు చర్మానికి అతుక్కోదు కాబట్టి, ఈ పనిలో ఉన్నంతకాలం గడ్డం గీసుకోవడమే మేలని మొహమాటం లేకుండా చెబుతున్నాను.

మీ సీనియర్లు వింతగా చూస్తే చూడనివ్వండి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ అగ్నిమాపక వృత్తిని 2022లో మొదటి వర్గంలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని నిర్ధారణ అయిన వాటిలో చేర్చింది. అంతకుముందు అది 'కలిగించవచ్చు' అనే వర్గంలో ఉండేది. మంటలార్పే మనిషి ఆ పొగలో కొద్దిసేపే ఉంటాడు, అదీ గాలి సిలిండరుతో. మనం అదే మసిలో, అదే బూడిదలో మోకాళ్ల మీద కూర్చుని గంటల తరబడి తవ్వుతాం. ఆ గంటల్లో మాస్కు తీసేసే అలవాటును మీ తరం వదిలించుకోవాలని మనసారా కోరుకుంటున్నాను.

ప్రశ్న: బీమా నష్టాన్ని అంచనా వేసే సర్వేయరును. నేను ఇంజనీరును కాను. భవనంలోకి అడుగుపెట్టవచ్చో లేదో బయటినుంచి చూసి ఎలా తెలుసుకోవాలి?

జవాబు: లోపలికి వెళ్లవచ్చని మీ అంతట మీరు తేల్చుకోకూడదు. ఆ మాట స్ట్రక్చరల్ ఇంజనీరు చెప్పాలి. వెళ్లకూడదని చెప్పే గుర్తులను మాత్రం ప్రతి ఒక్కరూ గుర్తించగలగాలి, ఎందుకంటే ఇంజనీరు చూసి వెళ్లిన తర్వాత కూడా భవనం మారుతూనే ఉంటుంది.

ముందు భవనం చుట్టూ దూరంనుంచి ఒక పూర్తి చుట్టు తిరగండి. గోడ ఎంత ఎత్తుందో దానికి ఒకటిన్నర రెట్ల దూరంలో తిరగడం ఈ పనిలో అందరూ పాటించే హద్దు. గోడ పొట్టలా ఉబ్బి బయటికి వచ్చిందా, మూలల దగ్గర పైనుంచి కిందికి బీటలు తీశాయా, తలుపు చట్రాలు ఒంకర తిరిగాయా, పైకప్పు మధ్యలో కుంగిందా, ఇటుకల సందుల్లోంచి నీరు కారుతోందా, గమనించండి. పైన ఆధారం లేకుండా ఒంటరిగా నిలిచిన గోడను, పిట్టగోడను గాలి కూడా పడగొట్టగలదు. బీట దగ్గర సుద్దముక్కతో అటూ ఇటూ రెండు గుర్తులు పెట్టి వాటి మధ్య దూరం కొలిచి రాసుకోండి. గంట తర్వాత అది పెరిగితే ఇక ఆ రోజు లోపలికి వెళ్లే పని లేదు.

లోపలి బలహీనత ఎక్కడినుంచి వస్తుందో తెలిస్తే దాన్ని వెతకడం తేలికవుతుంది. ఉక్కు కరగకపోయినా 550 నుంచి 600 డిగ్రీల దగ్గరే తన బలంలో దాదాపు సగం కోల్పోతుంది. గది మొత్తం ఒక్కసారిగా అంటుకున్న తర్వాత వేడి తరచుగా 800 డిగ్రీలు దాటుతుంది. అంతేగాక 10 మీటర్ల ఉక్కు దూలం 500 డిగ్రీలు వేడెక్కితే సుమారు 6 సెంటీమీటర్లు సాగుతుంది. ఆ సాగుడుతో అది తాను ఆనుకున్న గోడనే బయటికి నెడుతుంది, చల్లారి కుంచించుకుపోయినప్పుడు ఆ గోడమీది పట్టును వదిలేస్తుంది. మంట ఆరాక కప్పు కూలడానికి ఇదొక కారణం. కర్ర దూలం నిమిషానికి సుమారు 0.6 నుంచి 0.8 మిల్లీమీటర్ల చొప్పున లోపలికి బొగ్గవుతుంది. 10 సెంటీమీటర్ల మందమున్న దూలం రెండు పక్కలా అరగంట కాలితే మిగిలేది సుమారు 5 నుంచి 6.5 సెంటీమీటర్లే గాని, పైకి చూస్తే దూలం దూలంలాగే ఉంటుంది. కాంక్రీటు స్లాబుకు పెచ్చులు ఊడి కడ్డీలు బయటపడితే ఆ కడ్డీలకు వేడి సూటిగా తగిలిందని అర్థం. కొన్ని రకాల కంకరతో పోసిన కాంక్రీటు 300 డిగ్రీలు దాటాక గులాబీ రంగుకు తిరుగుతుంది. ఆ రంగు కనిపించిన స్లాబు కింద నిలబడి ఫోటోలు తీసుకోవద్దు.

మంటలార్పిన నీటి బరువును చాలామంది లెక్కలోకి తీసుకోరు. 20 చదరపు మీటర్ల గదిలో 10 సెంటీమీటర్ల నీరు నిలిస్తే అది 2 టన్నులు. దూది, కాగితం, బట్టల బేళ్లు పీల్చుకున్న నీరు కంటికి కనిపించదు కూడా.

నేల విషయంలో మీకు కళ్లకంటే ఇనుపకడ్డీ నమ్మకమైన తోడు. కాలిపోయిన ఒక గోదాములో నల్లనీళ్లు, బూడిద కలిసిన బురద గది అంతటా ఒకే మట్టంగా పరుచుకుని ఉంది. గుమ్మం నుంచి కడ్డీతో అడుగడుగునా తట్టుకుంటూ వెళ్తున్నాను. మూడు అడుగుల వరకు టక్కుమన్న కడ్డీ, నాలుగో అడుగులో చప్పుడు లేకుండా నా మోచేతి దాకా దిగిపోయింది. అది నీటి సంపు. దాని చెక్కమూత కాలిపోయింది, నిండుగా ఉన్న నీటిమీద బూడిద తెట్టులా తేలుతోంది. నా ముందు ఒక ఫోటోగ్రాఫరు ఆ గదిలో గోడవారగా నడిచి వెళ్లి వచ్చాడు. అతను మధ్యలోంచి నడిచి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ తలుచుకుంటాను.

ఎంత తెలిసినవారైనా లోపలికి ఒంటరిగా వెళ్లకండి. ఎవరు, ఎన్ని గంటలకు, ఏ గదిలోకి వెళ్లారో బయట ఒకరు రాసుకుంటూ ఉండాలి. రెండు బయటి దారులు చూసుకోకుండా ఏ గదిలోనూ పని మొదలుపెట్టవద్దు. చీకటి పడితే పనిని మర్నాటికి వాయిదా వేయడంలో తప్పేమీ లేదు, ఆ స్థలానికి కాపలా ఉంటే చాలు.

ప్రశ్న: విద్యుత్తు సిబ్బంది వచ్చి కరెంటు తీసేశామని చెప్పారు. అది సరిపోతుందా?

జవాబు: సరిపోదు. వాళ్లు తీసింది బయటినుంచి వచ్చే కరెంటును మాత్రమే. ఇంట్లో ఇన్వర్టరు ఉంటే దాని బ్యాటరీలు వైర్లలోకి కరెంటును పంపుతూనే ఉండవచ్చు. సరఫరా ఆగిందని గ్రహించి తనంతట తానే మొదలయ్యే జనరేటరు ఉండవచ్చు. పక్కింటి నుంచి లాక్కున్న తీగ ఉండవచ్చు. మేడమీద సోలార్ పలకలు ఉంటే, వెలుతురు పడినంతసేపూ అవి కరెంటు పుట్టిస్తూనే ఉంటాయి. మెయిన్ స్విచ్ తీస్తే పలకల నుంచి దిగే తీగల్లో వోల్టేజీ పోదు, అది కొన్ని వందల వోల్టుల డీసీ కావచ్చు. స్విచ్ దగ్గర తాళం వేసి, ఎవరు వేశారో రాసిన చీటీ కట్టి, తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి. ఆ తర్వాత కూడా ముట్టుకోబోయే ప్రతి తీగనూ టెస్టరుతో చూడండి. నీరు నిలిచిన నేలమాళిగలోకి ఈ పరీక్షలన్నీ ముగియకుండా దిగవద్దు. అక్కడ కరెంటుతో పాటు గాలి కూడా అనుమానించదగినదే. గాలికంటే బరువైన వంటగ్యాస్ లీకైతే కిందికి దిగి అక్కడే పేరుకుంటుంది.

లిథియం అయాన్ బ్యాటరీల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. విద్యుత్ స్కూటరులోనివి, ఇంటి ఇన్వర్టరులోనివి, చివరికి ల్యాప్‌టాప్‌లోవి కూడా కాలిన తర్వాత లోపల కొంత శక్తిని మిగుల్చుకుని ఉంటాయి. గంటల తర్వాత, ఒక్కోసారి రోజుల తర్వాత మళ్లీ అంటుకుంటాయి. అవి కాలినప్పుడు వెలువడే హైడ్రోజన్ ఫ్లోరైడ్ చర్మానికి, ఊపిరితిత్తులకు తీవ్రమైన హాని చేస్తుంది. బుస్సుమనే చప్పుడు, తీపి కలిసిన వింత వాసన, తెల్లని ఆవిరి ఏది కనిపించినా ఆధారం పోతుందని ఆలోచించకుండా దూరంగా వచ్చేయండి. ఉబ్బిన బ్యాటరీని కోయడం, గుచ్చడం, కారు డిక్కీలో పెట్టుకుని ల్యాబుకు తీసుకెళ్లడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు.

ప్రశ్న: మా ఇల్లు కాలిపోయింది. బీరువాలో సర్టిఫికెట్లు, ఇంటి పత్రాలు ఉన్నాయి. దర్యాప్తు పూర్తికాకముందే అయిదు నిమిషాలు లోపలికి వెళ్లి తెచ్చుకుంటే ఏం?

జవాబు: మీ బాధ నాకు అర్థమవుతుంది, అయినా వెళ్లవద్దు. ఏ గదిలో, ఏ అల్మరాలో, ఏ అరలో ఏమున్నాయో కాగితం మీద గీసి అక్కడున్న అధికారికి ఇవ్వండి. మీకంటే క్షేమంగా, రక్షణ దుస్తుల్లో వాళ్లే తెచ్చి ఇవ్వగలరు. ఇనుప లాకరు దొరికినా అది పూర్తిగా చల్లారేదాకా తెరవనివ్వకండి. వేడిగా ఉన్న లాకరు తలుపు తెరిస్తే, అప్పటివరకు గాలి అందక నిలిచిన కాగితాలు తాజా గాలి తగలగానే భగ్గుమని అంటుకునే అవకాశం ఉంది.

ప్రశ్న: ఫోరెన్సిక్ ల్యాబులో పనిచేస్తాను. రక్షణ సరంజామా ఎక్కువైతే ఆధారాలు పాడవుతాయని కొందరంటారు. గ్లవ్స్, దుమ్ము లేవకుండా చల్లే నీళ్లు, ఇవన్నీ నమూనాలను చెరపవా?

జవాబు: తెలిసి వాడితే అవి ఆధారాన్ని కాపాడతాయి. పదును మేకులు, గాజుపెంకుల నుంచి చేతులను కాపాడే మందమైన గ్లవ్స్ తవ్వకానికి పనికివస్తాయి. నమూనా తీసేటప్పుడు వాటిమీద కొత్త నైట్రైల్ (పలుచని కృత్రిమ రబ్బరు) గ్లవ్స్ వేసుకుని, ప్రతి నమూనాకూ ఒక జత చొప్పున మార్చాలి. అప్పుడు మీ చర్మానికి విషం అంటదు, ఒక నమూనాలోని పెట్రోలు జాడ మరో నమూనాలోకి పాకదు. మార్చిన ప్రతిసారీ ఫోటో తీసి ఉంచుకుంటే కోర్టులో అడిగే ప్రశ్నకు సమాధానం కూడా సిద్ధంగా ఉంటుంది.

పెట్రోలుతో నడిచే రంపాలను, జనరేటర్లను లోపలికి తీసుకురావద్దని నేను గట్టిగా చెప్పడానికి కూడా ఇలాంటి రెండు కారణాలే ఉన్నాయి. అవి మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడ్‌ను నింపుతాయి. ఇంధనం పోసి నిప్పంటించారా లేదా అన్న ప్రశ్నకు జవాబు వెతుకుతున్న చోట ఇంధనపు బొట్లు చల్లినట్టూ అవుతుంది. బ్యాటరీతో నడిచే పనిముట్లు వాడండి, లైట్లకు కావలసిన జనరేటరును బయట, గాలి వీచే దిశకు కిందివైపు ఉంచండి.

నీళ్ల విషయంలో మాత్రం మీ అనుమానంలో నిజముంది. జెట్‌లా కొడితే కాలిన గుర్తులు చెదిరిపోతాయి. మొక్కలకు కొట్టే స్ప్రేలాంటి దానితో సన్నని తుంపర చల్లితే దుమ్ము అణుగుతుంది, పొరలు కదలవు. ముందు ఫోటోలు, ఆ తర్వాతే తుంపర. పాత సిమెంటు రేకుల కప్పు పగిలి పడిన చోట ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే వాటిలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. కంటికి కనిపించని ఆ పోగులు ఊపిరితిత్తుల్లో చేరితే వ్యాధి దశాబ్దాల తర్వాత బయటపడుతుంది. అలాంటి రేకు ముక్కలను విరచకుండా, ఊడ్చకుండా, తడిపి ఎత్తాలి. అనుమానముంటే తవ్వకం ఆపి ముందు ఒక ముక్కను పరీక్షకు పంపాలి.

ప్రశ్న: మావారు అగ్నిప్రమాదాల దర్యాప్తు చేస్తారు. పని ముగించుకుని అదే బట్టలతో ఇంటికి వస్తారు. పసిపాప నాన్న దగ్గరికి పరుగెత్తుతుంది. బట్టలు విడిగా ఉతకాలా? ఒక్కోరోజు తలనొప్పి, వాంతి వచ్చినట్టుందని పడుకుంటారు. వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు 98 చూపిస్తోంది కాబట్టి ఏమీ కాలేదంటారు. నిజమేనా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. ముందు రెండో సంగతి చెబుతాను, అది ఆలస్యం చేయకూడనిది. వేలికి పెట్టే మామూలు ఆక్సిమీటరు ఎర్రరక్తకణాల్లోని హీమోగ్లోబిన్ దేనితో నిండిందో విడదీసి చూపలేదు. కార్బన్ మోనాక్సైడ్‌తో నిండినా దానికి ప్రాణవాయువుతో నిండినట్టే కనిపిస్తుంది. ఆ విషవాయువు ప్రాణవాయువుకంటే 200 రెట్లకు పైగా గట్టిగా హీమోగ్లోబిన్‌ను అంటిపెట్టుకుంటుంది. కనుక ఆ 98ని చూసి ధైర్యపడకూడదు. కాలిన చోటునుంచి వచ్చిన మనిషికి తలనొప్పి, వికారం, మగతలాంటివి ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి, అగ్నిప్రమాద స్థలంలో పనిచేసి వచ్చారని మొదటి మాటగా చెప్పండి. రక్తపరీక్షలో కార్బాక్సీ హీమోగ్లోబిన్, అంటే ఆ విషవాయువు అంటిపెట్టుకున్న హీమోగ్లోబిన్‌ను కొలవమని అడగండి.

బట్టల విషయంలో మీ జాగ్రత్త సరైనది. అసలు ఆ బట్టలు ఇంటి గడప దాటకూడదు. పని జరిగిన చోటే బూట్లను సబ్బునీటితో, బ్రష్‌తో కడిగి, పైదుస్తులు విప్పి సంచిలో మూతికట్టి, కారులో మనుషులు కూర్చునే చోట కాకుండా వెనక డిక్కీలో పెట్టాలి. మెడ, దవడ కింది భాగం, మణికట్లు తడిగుడ్డతో తుడుచుకోవాలి, ఎందుకంటే మసి ఎక్కువగా చేరేది మాస్కుకూ కాలరుకూ మధ్యనే. చేతులు, ముఖం కడగకుండా మంచినీళ్లు కూడా తాగకూడదు. ఇంటికి రాగానే ముందు సబ్బుతో తలస్నానం, ఆ తర్వాతే పాపను ఎత్తుకోవడం. వాళ్ల విభాగమే ఆ దుస్తులను ఉతికించే ఏర్పాటు చేయడం అన్నిటికంటే మేలు. అలా కుదరక ఇంట్లోనే ఉతకాల్సివస్తే వాటిని విడిగా ఉతికి, ఆ తర్వాత మెషిన్‌ను ఒకసారి ఖాళీగా సబ్బునీటితో తిప్పండి.

మరొక్కటి ఆయనతో చెప్పండి. మామూలు గాలి పీల్చుకుంటున్న మనిషి రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ 4 నుంచి 5 గంటల్లో సగానికి తగ్గుతుంది. సాయంత్రం వచ్చిన తలనొప్పికి మర్నాడు ఉదయం పరీక్ష చేయిస్తే ఫలితం మామూలుగానే రావచ్చు. అందుకే ఆయన ప్రతి రోజూ లోపలికి వెళ్లిన వేళ, బయటికి వచ్చిన వేళ, గ్యాస్ మీటరు చూపిన అత్యధిక అంకె ఒక చిన్న కార్డుమీద రాసి జేబులో ఉంచుకోవాలి. ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చిన రోజున డాక్టరు చేతికి ఇవ్వాల్సింది ఆ కార్డే.